అగ్నిలో ఉక్కు చట్రము: గణకయంత్ర నమూనాల ప్రామాణ్యమును గూర్చి ఒక విమర్శ

ఉక్కు కాలదు, కాని కాలు వస్తువుల నడుమ నిలిచి వేడెక్కును. వేడెక్కిన కొలది వ్యాకోచించును. మరింత వేడెక్కిన బలము కోల్పోవును. ఉక్కు చట్రముపై నిర్మింపబడిన భవనము అగ్నికి లోనైనపుడు ఏమగునను ప్రశ్నకు సమాధానము ఈ రెండు గుణముల కలయికయందున్నది. ఆ కలయికను చేతితో లెక్కించుట దుస్సాధ్యము. కావున గత ముప్పది, నలువది సంవత్సరములుగా పాశ్చాత్య దేశములందలి పరిశోధకులు ఆ పనిని గణకయంత్రములకు, అనగా కంప్యూటర్లకు, అప్పగించుచున్నారు. భవనము యొక్క ప్రతిరూపమును అంకెలతో యంత్రమునందు నిలిపి, దానికి అంకెల అగ్నిని ముట్టించి, ఏ దూలము ఎప్పుడు వంగునో, ఏ స్తంభము ఎప్పుడు కూలునో చూచుట ఈ పద్ధతి. ఆ ప్రతిరూపమునే నమూనా యందురు.

ఈ నమూనాల మాటపై నేడు రెండు నిర్ణయములు ఆధారపడియున్నవి. క్రొత్త భవనమున ఏ దూలములకు అగ్నిరక్షక పూత పూయవలెను, వేనికి అక్కరలేదు అనునది మొదటిది. కూలిన భవనము ఏల కూలినదను తీర్పు రెండవది. మొదటిదానియందు ఆ భవనమున నివసించువారి ప్రాణములును, మంటలలోనికి పోవు అగ్నిమాపక భటుల ప్రాణములును పణముగా నున్నవి. రెండవదానియందు విచారణ సంస్థలపై ప్రజలకుండు విశ్వాసము పణముగా నున్నది. కావున ఈ విషయమును ఇంజనీర్ల స్వంత వ్యవహారమని విడిచిపెట్టుట తగదు. నమూనాను నిర్మింపలేనివాడైనను విద్యావంతుడు దాని విలువను తూచు కొలతలను ఎరిగియుండవలెను.

సాహిత్యము చదివినవారికి ఈ తూనిక క్రొత్తది కాదు. నమూనా మూలగ్రంథము కాదు, వ్యాఖ్యానము మాత్రమే. అగ్నిలో నిలిచిన నిజమైన భవనమే మూలము. మూలమున లేనిదానిని వ్రాయనని నియమము పెట్టుకొనిన వ్యాఖ్యాతగా కొలచల మల్లినాథసూరి తెలుగువారికి సుపరిచితుడు. వ్యాఖ్యానము ఎంత సొగసుగా నున్నను, మూలముతో పోల్చి చూచుటకు వీలులేనిచో దానిని ప్రమాణముగా గ్రహింపరు. ఉక్కు చట్రముల నమూనాలకును ఇదే న్యాయము వర్తించునని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

నమూనా స్వరూపము

అగ్ని నమూనా యని చెప్పబడునది నిజమునకు మూడు నమూనాల వరుస. మొదటిది అగ్నిని గూర్చినది. గదిలో ఎంత కలప, ఎంత కాగితము, ఎంత ప్లాస్టిక్ సామాను ఉన్నది, కిటికీ అద్దములు ఎప్పుడు పగులును, గాలి ఎటునుండి వచ్చును, పొగ యొక్క వేడి ఏ నిమిషమున ఎంత అను విషయములను ఇది లెక్కించును. రెండవది వేడి ప్రయాణమును గూర్చినది. గదిలోని వేడి పూతను దాటి ఉక్కులోనికి ఎంత చేరునో ఇది చెప్పును. మూడవది బలమును గూర్చినది. వేడెక్కిన చట్రము తనపై నున్న భారమును మోయగలదా లేదా యని ఇది విచారించును. ఈ మూడవదానియందు చట్రమును వేలకొలది చిన్న ముక్కలుగా భావించి, ప్రతి ముక్కకును సమీకరణములు వ్రాసి, అన్నిటిని యంత్రముచే ఒక్కమారుగా సాధింపజేయుదురు.

వరుసలో మొదట దొరలిన దోషము చివరివరకు ప్రాకును. గదిలోని సామాను బరువును తప్పుగా ఊహించినచో మూడవ నమూనా ఎంత సూక్ష్మమైనను దాని ఫలితము తప్పక తప్పగును. కాని మూడవ నమూనా రంగురంగుల చిత్రములను చూపును గనుక చూచువారు మొదటిదానిని మరచిపోవుదురు. ఈ సంగతిని విమర్శకుడు ముందుగా గుర్తుంచుకొనవలెను.

ఉక్కు గుణములు మాత్రము చక్కగా తెలిసినవే. యూరోకోడ్ అను ఐరోపా ప్రమాణ గ్రంథము ప్రకారము నిర్మాణములలో వాడు సామాన్యపుటుక్కు 400 డిగ్రీల సెంటీగ్రేడు వరకు తన బలమును నిలుపుకొనును. 500 డిగ్రీలకు ఆ బలములో నూటికి 78 వంతులు, 600 డిగ్రీలకు 47 వంతులు, 700 డిగ్రీలకు 23 వంతులు మాత్రమే మిగులును. వంగక నిలుచు బిగువు ఇంకను ముందుగనే తగ్గనారంభించి 600 డిగ్రీల వద్ద నూటికి 31 వంతులగును. ఉక్కు కరుగుటకు 1,500 డిగ్రీల చేరువ వేడి కావలెను. భవనము కూలుటకు ఉక్కు కరుగనక్కరలేదని ఈ అంకెలే చెప్పుచున్నవి. ఇక వ్యాకోచము సంగతి: 10 మీటర్ల దూలము 500 డిగ్రీల మేర వేడెక్కినచో 6, 7 సెంటీమీటర్లు పొడవు పెరుగును. రెండు చివరల నున్న స్తంభములు దానిని పెరుగనీయనిచో ఆ ఒత్తిడి యంతయు దూలమును స్తంభముతో కలుపు అతుకులపై పడును. ఈ విషయము ముందు చెప్పబోవు చర్చకంతటికిని కీలకము.

ఒంటి దూలపు శాస్త్రము

నమూనాలకు పూర్వమున్న పద్ధతి కొలిమి పరీక్ష. ఒక దూలమును కొలిమిపై నిలిపి, భారము నుంచి, ఒక ప్రమాణరేఖ ననుసరించి వేడిచేయుదురు. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము కొలిమి వేడి 30 నిమిషములకు 842 డిగ్రీలు, 60 నిమిషములకు 945 డిగ్రీలు కావలెను. దూలము ఎంతసేపు నిలిచిన అంత దాని అగ్నిసహనము.

భారతదేశమున ఉక్కు నిర్మాణములకు ప్రమాణమైన ఐ.ఎస్. 800 గ్రంథపు 2007 నాటి కూర్పులో 16వ భాగము అగ్నిసహనమును గూర్చినది. అందు ఒక చిన్న సూత్రము కలదు. దూలముపై అగ్నికాలమున నుండు భారమును, ఆ దూలము చల్లగా నున్నపుడు మోయగల భారముచే భాగింపవలెను. వచ్చిన నిష్పత్తిని 690చే గుణించి 905 నుండి తీసివేసినచో ఆ దూలము తట్టుకొనగల వేడి డిగ్రీలలో వచ్చును. దూలము తన శక్తిలో సగము భారమును మోయుచున్నచో అది 560 డిగ్రీల వరకు నిలుచునని దీని యర్థము.

ఈ సూత్రమునకు ఒక గొప్ప సుగుణము కలదు. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ దానిని కాగితముపై వేసి సరిచూడగలడు. ఇందు దాచబడిన ఊహలు లేవు. కాని లోపమును పెద్దదే. సూత్రము దూలమును ఒంటరిగా భావించుచున్నది. నిజమైన భవనమున దూలము ఒంటరి కాదు. దాని మీద స్లాబు కలదు. ప్రక్కన చల్లని దూలములు కలవు. చివరల అతుకులు కలవు. కొలిమిలో దూలము స్వేచ్ఛగా పెరుగును, భవనమున పెరుగలేదు. వాక్యమునుండి ఊడదీసిన పదమునకు నిఘంటువులోని యర్థము మాత్రమే మిగిలినట్లు, చట్రమునుండి ఊడదీసిన దూలమునకు కొలిమిలోని బలము మాత్రమే మిగులును. వాక్యమునందు దాని యర్థము అంతకంటె ఎక్కువ కావచ్చును, తక్కువయు కావచ్చును.

కార్డింగ్టన్ పరీక్షలు

ఎక్కువ కావచ్చునను సంగతి మొదట ఒక ప్రమాదమువలన తెలియవచ్చెను. 1990 జూన్ మాసమున లండను నగరపు బ్రాడ్‌గేట్ ప్రాంతమున, నిర్మాణములో నున్న 14 అంతస్తుల భవనమున అగ్నిప్రమాదము జరిగెను. మంట నాలుగు గంటలకు పైగా సాగెను. ఉక్కు చాలవరకు పూత లేకయే యున్నది. దూలములు బాగుగా క్రుంగినవి. కొన్ని స్తంభములు నలిగి పొట్టివైనవి. ఐనను భవనము కూలలేదు. ఒంటి దూలపు శాస్త్రము దీనికి సమాధానము చెప్పలేకపోయెను.

అటుపై బ్రిటను దేశపు బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని కార్డింగ్టన్ వద్ద, ఒకప్పుడు గాలి ఓడలను నిలుపుటకు కట్టిన పెద్ద కొట్టమునందు, ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనమును పరీక్షల కొరకే నిర్మించిరి. అది 45 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పు, 33 మీటర్ల ఎత్తు గలది. ఇసుక బస్తాలతో భారము నుంచి 1995, 1996 సంవత్సరములలో దానియందు వేర్వేరు చోట్ల మంటలు పెట్టిరి. ఒక పరీక్షలో పూత లేని 9 మీటర్ల దూలము 880 డిగ్రీల చేరువ వరకు వేడెక్కెను. సూత్రము ప్రకారము అది ఎంతో ముందే పడిపోవలెను. అది సుమారు 23 సెంటీమీటర్లు క్రుంగి నిలిచిపోయెను. మేజాలు, కుర్చీలు, కాగితములు నింపిన కార్యాలయపు గదిని తగులబెట్టిన పరీక్షలో దూలముల వేడి 1,000 డిగ్రీలు దాటెను. క్రుంగుదల 60 సెంటీమీటర్లను మించెను. అప్పుడును భవనము కూలలేదు.

కారణమును వెదకుటలో నమూనాలు ఉత్తమమైన సేవ చేసినవి. షెఫీల్డు విశ్వవిద్యాలయపు వల్కన్, లండను ఇంపీరియల్ కళాశాలయందు ఇజ్జుద్దీన్ రచించిన అడాప్టిక్, బెల్జియము దేశపు లీజ్ విశ్వవిద్యాలయమున ఫ్రాన్సెన్ రూపొందించిన సాఫిర్ అను ప్రణాళికలు ఈ పరీక్షలపై తమ శక్తిని చూపినవి. ఎడింబరో విశ్వవిద్యాలయమున రోటర్, ఉస్మానీ మున్నగువారు అంకెలతో తృప్తిపడక వానివెనుక నున్న సూత్రమును వెలికితీసిరి. వారు కనుగొన్నది ఇది: చట్రమునందు మొదట జరుగు క్రుంగుదలకు ప్రధాన కారణము బలహీనత కాదు, అడ్డగింపబడిన వ్యాకోచము. పెరుగుటకు చోటు లేని దూలము క్రిందికి వంగి చోటు చేసికొనును. ఆ వంపు ఒక విధమున రక్షయే. ఇక దూలము మెత్తబడిన తరువాత దానిమీది స్లాబు జోలె వలె వ్రేలాడి, లోపలి ఇనుప వలతో భారమును లాగిపట్టి చుట్టునున్న చల్లని భాగములకు అందజేయును. ఈ గుణము నాధారము చేసికొని కాలిన్ బెయిలీ ప్రభృతులు సరళమైన లెక్కింపు పద్ధతిని ఏర్పరచిరి. తత్ఫలితముగా అనేక భవనములలో నడిమి దూలములకు పూత మానివేయుట సాధ్యమయ్యెను.

ఇంతవరకు ప్రశంస. విమర్శకు తగినవి మూడు విషయములు కలవు. ఈ నమూనాలు పెక్కు పరీక్షలకు తరువాత సరిపోల్చబడినవి. ఫలితము తెలిసిన పిమ్మట దానితో ఏకీభవించుట సులభము. ఇది మొదటిది. పరీక్షలలో నుంచిన భారము భవనము మోయగల పూర్తి భారము కాదు, దానిలో ఒక భాగము మాత్రమే. ఇది రెండవది. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. మంట ఆరి ఉక్కు చల్లబడునపుడు దూలములు కుంచించుకొని, అతుకుల వద్ద కొన్ని పలకలు పగిలినవి, బోల్టులు తెగినవి. నాటి నమూనాలు పెక్కు వేడెక్కుటను మాత్రమే అనుసరించి, అతుకులను ఎన్నటికిని తెగనివిగా భావించినవి. వ్యాకరణమున మార్పు యంతయు సంధి వద్దనే జరుగును, చట్రమునందును అంతే. సంధిని విడిచి పదములను మాత్రమే వర్ణించిన వ్యాకరణము వంటివి ఆ నమూనాలు. అటు తరువాతి కాలమున అతుకును బోల్టు, పలక, కోణము అను భాగములుగా విడదీసి లెక్కించు పద్ధతులు వచ్చినవి. కాని వానిని సంపూర్ణ భవనమునకు వర్తింపజేయుట నేటికిని శ్రమతో కూడినదే.

కార్డింగ్టన్ భవనము నిలిచినదని అన్ని చట్రములును నిలుచునని తలపరాదు. 2005 ఫిబ్రవరిలో మాడ్రిడ్ నగరపు విండ్సర్ భవనమున పై అంతస్తుల చుట్టునున్న ఉక్కు స్తంభములు పూత లేనందున మంటలో కూలినవి. నడుమ నున్న కాంక్రీటు భాగము నిలిచెను. 1962లో నిర్మింపబడిన టెహరాన్ నగరపు ప్లాస్కో భవనము 2017 జనవరి 19వ తేదీన కొన్ని గంటల మంట తరువాత సంపూర్ణముగా కూలి, లోపలనున్న అగ్నిమాపక భటులను పలువురిని బలిగొనెను. ఏ చట్రము నిలుచును, ఏది కూలును అను ప్రశ్న గ్రంథములకు పరిమితమైనది కాదని ఈ విషాదము చాటుచున్నది.

ముందు చెప్పుట, వెనుక చెప్పుట

నమూనా ముందుగా చెప్పగలదా యను ప్రశ్నకు ఒక నిజాయితీ గల పరీక్ష స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున జరిగెను. 2006లో డాల్మార్నాక్ అను చోట పడగొట్టబోవుచున్న ఒక ఎత్తైన నివాస భవనమున ఎడింబరో విశ్వవిద్యాలయమువారు ఒక ఇంటిని సామానుతో సహా తగులబెట్టిరి. పలు బృందములకు గది కొలతలు, సామాను వివరములు ముందుగా ఇచ్చి, మంట ఎట్లు పెరుగునో పరీక్ష ఫలితములు వెల్లడి కాకపూర్వమే లెక్కించి చెప్పుమనిరి. అది కాంక్రీటు భవనము గనుక చట్రము కూలుటను గూర్చిన పరీక్ష కాదు. పైన చెప్పిన మూడు నమూనాలలో మొదటిదానికి, అనగా అగ్ని నమూనాకు, పరీక్ష.

బృందముల సమాధానములు ఒకదానితో నొకటి పొసగలేదు; నిజమైన మంటతోను చాలవరకు పొసగలేదు. ఒకే ప్రణాళికను వాడిన బృందముల ఫలితములును భిన్నముగా వచ్చినవి. పరీక్ష ముగిసి కొలతలు తెలిసిన పిమ్మట మాత్రము అదే ప్రణాళికతో మంటను చక్కగా పునస్సృష్టి చేయగలిగిరి. దీనివలన ఒక సత్యము తేలినది. తెలిసిన కథను యంత్రము బాగుగా చెప్పును. తెలియని కథను చెప్పమన్నపుడు అది తనను నడుపువాని ఊహలనే తిరిగి అప్పగించును. ఈ ఫలితములను దాచక ప్రకటించుట ఆ విద్వాంసులకు కీర్తికరము. ఒక నమూనా అద్దము వలె నిజమును చూపినదని ఎవరైన చెప్పినపుడు, అది ముందు చెప్పినదా, వెనుక చెప్పినదా యని అడుగుట విమర్శకుని మొదటి ధర్మము.

ఏడవ సంఖ్య భవనము

ఇక ఈ రంగమున మిక్కిలి వివాదాస్పదమైన నమూనాను పరిశీలింపవలెను. 2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్కు నగరమున జంట గోపురములు కూలిన దినమున, వాని చెంతనున్న 47 అంతస్తుల ఏడవ సంఖ్య భవనము కూడ సాయంకాలము 5 గంటల 20 నిమిషములకు కూలెను. దానిని విమానము తాకలేదు. ఉదయము 10 గంటల 28 నిమిషములకు కూలిన ఉత్తర గోపురపు శిథిలములవలన దానియందు మంటలు పుట్టి దాదాపు ఏడు గంటలు కాలినవి. నగరపు నీటి గొట్టములు పగిలినందున క్రింది అంతస్తులలో మంటలపై నీరు చల్లు ఏర్పాటు పనిచేయలేదు. లోపలివారు ముందే వెలుపలికి వచ్చినందున ఆ భవనమున ప్రాణనష్టము జరుగలేదు.

అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల, సాంకేతిక విజ్ఞానముల జాతీయ సంస్థ దీనిని విచారించి 2008 ఆగస్టులో ముసాయిదా నివేదికను, నవంబరులో తుది నివేదికను వెలువరించెను. శిథిలములందలి ఉక్కు చాలవరకు ముందే తొలగింపబడియుండుటచే విచారణ అధికముగా చిత్రములు, పటములు, నమూనాలపై ఆధారపడవలసి వచ్చెను. నివేదిక సారాంశమిది: 13వ అంతస్తున తూర్పువైపు పొడవైన దూలములు వేడికి పెరిగి, 79వ సంఖ్య స్తంభమునకు కలిసిన ప్రధాన దూలమును ప్రక్కకు నెట్టి దాని పీఠమునుండి జార్చినవి. ఆ అంతస్తు కూలి క్రింది అంతస్తులను వరుసగా కూల్చెను. ఆధారములు పోయిన 79వ స్తంభము వంగిపోయెను. ప్రక్క స్తంభములు దానిని అనుసరించినవి. చివరకు భవనమంతయు దిగజారెను.

ఈ నివేదిక సాధించిన మేలు తక్కువది కాదు. ఉక్కు బలము పెద్దగా తగ్గకయే, వ్యాకోచము మాత్రముచేత అతుకు తెగి పెద్ద భవనము కూలవచ్చునని అది లోకమునకు చెప్పెను. ఇది కార్డింగ్టన్ పాఠమునకు మరొక ముఖము. అచ్చట వ్యాకోచము దూలమును వంచి రక్షించెను. ఇచ్చట అతుకును త్రోసి చెరిచెను. పొడవైన దూలములు, ఒకవైపు మాత్రమే కూడిన అమరిక, బలహీనమైన పీఠములు ఉన్నచోట ఈ ప్రమాదము గలదని ఇంజనీర్లు హెచ్చరింపబడిరి. నివేదికలోని 13 సిఫారసులలో క్రొత్తదైన ఒక్క సిఫారసు దీనికి సంబంధించినదే.

ఐనను ఈ నమూనాను ప్రమాణముగా గ్రహించుటకు అడ్డుతగులు సంగతులు మూడు కలవు. మొదటిది: ముసాయిదాలో భవనము కూలిన వేగము నిరోధము లేని పతనము కంటె మందమని వ్రాయబడెను. ఒక ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రోపాధ్యాయుడు చలనచిత్రములను కొలిచి, కొంతసేపు భవనము ఎట్టి నిరోధమును లేక పడినదని చూపెను. తుది నివేదిక దానిని అంగీకరించి, పతనపు రెండవ దశలో సుమారు 2.25 సెకండ్లపాటు, ఎనిమిది అంతస్తుల మేర అట్లు జరిగినదని చేర్చెను. విమర్శను స్వీకరించుట మెచ్చదగినది. కాని నమూనాకు మూలమైన చలనచిత్రములు సంస్థ చేతిలోనే యుండగా ఆ కొలతను బయటివారు తెచ్చుట గమనింపదగినది.

రెండవది: ప్రధాన దూలము పీఠమునుండి జారుటకు 5.5 అంగుళములు కదలిన చాలునని, పీఠము వెడల్పు 11 అంగుళములని మొదట వ్రాయబడెను. 2012లో ఈ అంకెలు సవరింపబడి 6.25 అంగుళములు, 12 అంగుళములు అయినవి. వాదమునకు కేంద్రమైన కొలత నాలుగేండ్ల తరువాత మారెను; తీర్పు మారలేదు. మారనక్కర లేకపోవచ్చును. కాని మారనక్కర లేదని చదువరి ఎట్లు తెలిసికొనును?

ఇందుండి మూడవది పుట్టుచున్నది. 2009లో ఆ సంస్థ, అతుకుల నమూనాలను, చట్రపు లెక్కల మూలాంకములను వెల్లడించుట ప్రజల భద్రతకు భంగకరము కావచ్చునని నిర్ణయించి ఇచ్చుటకు నిరాకరించెను. భవనములను కూల్చదలచువారికి అవి ఉపకరించునేమో యను భయమునకు కొంత యర్థము లేకపోలేదు. కాని ఫలితము శాస్త్రమునకు హానికరము. ఇదే సంస్థ తన అగ్ని ప్రణాళికను లోకమునకంతకు ఉచితముగా ఇచ్చి, దాని లోపలి సూత్రములను బహిరంగపరచియున్నది. దానిని ఎవరైనను పరీక్షింపవచ్చును. డాల్మార్నాక్ పరీక్షలో దాని పరిమితులు తెలియుటకు ఆ బహిరంగతయే తోడ్పడెను. అగ్నిని గూర్చిన వ్యాఖ్యానము తెరచి, అతుకులను గూర్చిన వ్యాఖ్యానమును మూసినచో చదువరి సగము గ్రంథమునే పరిశీలించినవాడగును. కూలుటకు కారణము అతుకేయని చెప్పబడిన చోట మూయబడిన సగమే ముఖ్యమైనది.

మరియొక సంగతి. సంపూర్ణ భవనపు నమూనా చివరి దశలో వెలిగోడలు మడతలుపడి లోనికి నలిగినట్లు చూపెను. చలనచిత్రములందు అవి అంతగా నలుగక దిగినట్లు కనబడును. దీనినిబట్టి నివేదిక యంతయు తప్పని చెప్పుట తొందరపాటు. కూలుట ప్రారంభమైన తరువాత ప్రతి చిన్న తేడాయు పెద్దదగును. అట్టి దశలో నమూనా చిత్రము నిజమును పోలవలెనని కోరుట అత్యాశ. కాని పోలినచోట దానిని సాక్ష్యముగా చూపి, పోలనిచోట అప్రధానమని చెప్పుట న్యాయము కాదు. ప్రారంభమును గూర్చి నమూనా చెప్పునది ఎంతవరకు నమ్మదగినదో, అంతమును గూర్చి చెప్పునది ఎంతవరకో, విడివిడిగా చెప్పవలెను.

ప్రతివాదుల నమూనా

ఇదే కొలత ప్రతివాదులకును వర్తించును. అలాస్కా విశ్వవిద్యాలయమున ఈ భవనముపై మరొక నమూనా నిర్మింపబడి 2020లో తుది నివేదిక వెలువడెను. ప్రభుత్వ నివేదికను ముందునుండియు ప్రతిఘటించుచున్న ఒక సంఘము దానికి ధనసహాయము చేసెను. అగ్ని కారణము కాదనియు, స్తంభములన్నియు దాదాపు ఒకేమారు విఫలమైనవనియు దాని సిద్ధాంతము. స్తంభములను యంత్రమున ఒకేమారు తొలగించి చూడగా చిత్రము చలనచిత్రమును పోలినదని ఆధారము చూపిరి.

ఇందలి దోషము తార్కికమైనది. స్తంభములు తొలగిన భవనము పడునని అందరును ఎరిగినదే. అవి ఏల తొలగినవను ప్రశ్నకు ఆ చిత్రము సమాధానము కాదు. కార్యమును కారణముగా చూపుట హేత్వాభాసము. మొదటి నమూనా కారణమునుండి బయలుదేరి అంతమున తడబడెను. రెండవది అంతమునుండి బయలుదేరి కారణమును చేరలేదు. అగ్నివలననే భవనము కూలినదను అభిప్రాయమే ఇంజనీర్లలో అధికసంఖ్యాకులది; ఉక్కు గుణములును, ప్లాస్కో వంటి తరువాతి ఘటనలును దానికి అనుకూలముగ నున్నవి. కాని అధికసంఖ్యాకుల అభిప్రాయమునకు బలము కూర్చునది మూలాంకముల వెల్లడియే గాని వాని గోపనము కాదు. మూసిన తలుపు వద్దనే అనుమానము పెరుగును. ప్రతివాదుల బలమునకు వారి నమూనా కంటె ఆ గోపనమే ఎక్కువ తోడ్పడినది.

మూడు కొలతలు

పై విచారణవలన ఉక్కు చట్రముల నమూనాలను తూచుటకు మూడు కొలతలు ఏర్పడుచున్నవి. నమూనా ఫలితమును ముందు చెప్పినదా, వెనుక చెప్పినదా? అతుకులను, చల్లబడు దశను లెక్కలోనికి తీసికొనినదా, లేక దూలములతోనే ముగించినదా? తన మూలాంకములను ఇతరులు తిరిగి లెక్కించుటకు ఇచ్చినదా? ఈ ప్రశ్నలను అడుగుటకు ఇంజనీరు కానక్కరలేదు.

మూడవ కొలతకు సరిపోవు ప్రయత్నములు లేకపోలేదు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున పుట్టిన ఓపెన్‌సీస్ అను బహిరంగ ప్రణాళికకు ఎడింబరోవారు అగ్ని విభాగమును చేర్చిరి. దాని ప్రతి పంక్తిని ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. పరిష్కర్త తాను ఏ ప్రతిని చూచెనో, ఏ పాఠమును ఏల గ్రహించెనో పీఠికలో తెలుపుట వంటిది ఈ మార్గము.

భారతదేశమున గిడ్డంగులు, కర్మాగారములు, విమానాశ్రయములు, కొన్ని బహుళాంతస్తు భవనములు ఉక్కు చట్రములతో లేచుచున్నవి. తెలుగునాటికి వెలుపల స్థిరపడిన తెలుగువారిలో రూర్కెలా వంటి ఉక్కు పట్టణములలో తరతరములుగా పనిచేయువారు కలరు. వారి పిల్లలలో ఇంజనీర్లగుచున్నవారును కలరు. ఏ భవనపు యజమానియో, ఏ పురపాలక అధికారియో ముందు రంగుల చిత్రముల నుంచి, ఈ దూలములకు పూత అక్కరలేదని యంత్రము చెప్పినది అను మాట వినిపించు దినము దూరమున లేదు. ఆ మాట నిజమే కావచ్చును. కార్డింగ్టన్ పరీక్షలు దానికి ఆధారమును కల్పించినవి. కాని ఆ పరీక్షలు నిరూపించినది ఒక విధమైన చట్రమును, ఒక విధమైన భారమును గూర్చి మాత్రమే. పొడవు మారిన, అతుకు మారిన, అమరిక మారిన, న్యూయార్కు భవనపు పాఠము వర్తింపవచ్చును.

ఐ.ఎస్. 800 గ్రంథపు చిన్న సూత్రము మోటుది. కాని తన లోపమును దాచదు. గణకయంత్ర నమూనా సూక్ష్మమైనది. కాని తన లోపమును సొగసుచే దాచగలదు. మోటుతనమునకు మరలిపొమ్మని ఎవరును చెప్పరు. సూక్ష్మమైన దానికి సూక్ష్మమైన పరీక్ష కావలెను, ఆ పరీక్ష బహిరంగముగా జరుగవలెను. మంటలలోనికి నిచ్చెన వేసికొని పోవు అగ్నిమాపక భటునికి ఆ నమూనాను చదువు తీరిక యుండదు. అతని పక్షమున దానిని ముందుగా చదివి ప్రశ్నింపవలసినవారు వెలుపల నున్నవారే.